యానిమేటెడ్ జిఫ్ తయారీ

యానిమేటెడ్ జిఫ్ అనగా ఒకే ఫైలులో పొందుపరచిన అనేక నిశ్చల చిత్రాలు నిర్ణీత వ్యవధిలో ఒకదాని వెంట ఒకటి కనబడుతూ చలన భ్రాంతిని కలిగించే బొమ్మ. ఇందులో ధ్వని ఉండదు. ప్రత్యేకమైన ప్లేయరు అవసరం లేకుండా బ్రౌజరులో మామూలు బొమ్మ వలెనే తెరుచుకుంటుంది. ఇందులోని ఒక్కొక్క చిత్రాన్ని ఫ్రేము అంటారు. ఫొటోషాప్, జింప్ వంటి ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లతో వీటిని తయారుచేయవచ్చు. జింప్‌ను ఎవరైనా ఉచితంగా దింపుకొనవచ్చు కనుక ఈ వ్యాసంలో తయారీ విధానం ప్రధానంగా దానిలోనే వివరించబడినది.

చరిత్ర

జిఫ్ ఫార్మాటును 1987లో అమెరికాకు చెందిన కంప్యూసర్వ్ సంస్థ విడుదల చేసింది. దీని రూపకర్త స్టీవ్ విల్‌హైట్. ఈ పేరును "గిఫ్" అని పలికేవారే ఎక్కువైనా, "జిఫ్" అనడమే సరియైనదని ఆయన 2013లో చెప్పాడు. ప్రతి ఫ్రేమును ఎంతసేపు చూపాలో ఫైలులోనే వ్రాసే వీలు 1989 నాటి 89ఎ రూపంతో కలిగింది. బొమ్మ ఆగకుండా తిరిగి తిరిగి ఆడే సౌకర్యాన్ని మాత్రం తరువాత నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0 బ్రౌజరు చేర్చింది. ఆ బ్రౌజరు కనుమరుగై చాలా కాలమైనా, నేడు తయారయ్యే జిఫ్ ఫైళ్ళ లోపల ఈ పని కోసం దాని పేరే వ్రాయబడుతోంది. జిఫ్‌లో వాడే ఎల్‌జెడ్‌డబ్ల్యూ కుదింపు పద్ధతిపై యునిసిస్ కంపెనీకి ఉన్న అమెరికా పేటెంటు 2003లో ముగిసింది.

ఉదాహరణకు తీసుకున్న చిత్రాలు

ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 1878 జూన్ 19న కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, లేలండ్ స్టాన్‌ఫర్డ్‌కు చెందిన శాలీ గార్డనర్ అనే ఆడగుర్రం పరుగెత్తుతుండగా వరుసగా ఫొటోలు తీశాడు. పరుగులో గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలను విడుస్తాయని ఇవి చూపాయి. అయితే చిత్రకారులు గీస్తూ వచ్చినట్లు కాళ్ళు చాచినప్పుడు కాదు, పొట్ట క్రిందికి ముడుచుకొన్నప్పుడు. ఈ చిత్రాలు 12 గళ్ళ అట్టగా ముద్రింపబడ్డాయి. కాపీహక్కుల గడువు ఎప్పుడో తీరినందున వీటిని నిరభ్యంతరంగా వాడుకొనవచ్చు. ఈ అట్టలో ఒక చిక్కు ఉంది. చివరిదైన 12వ గడిలో గుర్రం కదలక నిలబడి ఉంటుంది. దానిని కూడా చేర్చితే పరుగెత్తే గుర్రం ప్రతి చుట్టులోను ఒక్కసారి బిగుసుకుపోతుంది. కావున మొదటి 11 చిత్రాలనే తీసుకోవాలి.

జింప్‌లో తయారీ

ముందుగా అట్టలోని గళ్ళను ఒకే కొలతతో కత్తిరించి వేర్వేరు ఫైళ్ళుగా భద్రపరచాలి. పేర్లను 1, 2 అని కాక 01, 02 అని పెట్టడం మేలు. లేనిచో కొన్ని సాఫ్ట్‌వేర్లు 1 తరువాత 10ని, 11ని వరుసలో నిలుపుతాయి. పిమ్మట ఫైల్ మెనూలో "ఓపెన్ యాజ్ లేయర్స్" ద్వారా అన్నిటినీ ఒకేసారి తెరిస్తే ఒక్కొక్క చిత్రం ఒక్కొక్క పొరగా అమరుతుంది. అట్టడుగు పొరే మొదటి ఫ్రేము. పై పొర సాంద్రతను సగానికి తగ్గిస్తే క్రింది పొర కనబడుతుంది. అప్పుడు నేల గీత అన్నిటిలో ఒకే ఎత్తున ఉండేట్లు పొరలను జరపాలి. ఈ శ్రమ తప్పించుకుంటే గుర్రంతో పాటు నేల కూడా ఎగిరిపడుతుంది.

ఎక్కువమంది పొరబడేది కాలవ్యవధి వద్ద. జిఫ్‌లో కాలాన్ని సెకనులో నూరవ వంతులతో కొలుస్తారు. మైబ్రిడ్జ్ అట్టపై చిత్రానికీ చిత్రానికీ మధ్య దూరం 27 అంగుళాలని, కాలం సుమారు సెకనులో 25వ వంతని ముద్రించి ఉంది. అనగా నూరింట 4 వంతులు, జింప్ లెక్కలో 40 మిల్లీసెకన్లు. ఏమీ మార్చకుండా వదిలితే జింప్ 100 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. అప్పుడు 0.44 సెకనులో ముగియవలసిన 11 ఫ్రేములు 1.1 సెకన్లు పడతాయి. చూసేవారు అదే గుర్రం అసలు వేగమనుకుంటారు. పరిశీలన కోసం నెమ్మదిగా చూపడంలో తప్పు లేదు కాని, ఆ సంగతి బొమ్మ క్రింద వ్రాయాలి. వ్యవధిని పొర పేరు చివర కుండలీకరణాలలో, సంఖ్యను ఆనుకొని "ఎంఎస్" అనే ఆంగ్ల అక్షరాలతో ఇవ్వవచ్చు. మరీ వేగం కోరి నూరింట 2 వంతుల కన్న తగ్గిస్తే చాలా బ్రౌజర్లు దానిని లెక్కచేయక 10 వంతులుగా ఆడిస్తాయి.

ఫిల్టర్స్ మెనూలోని యానిమేషన్ విభాగంలో "ప్లేబ్యాక్" నొక్కి సరిచూసుకొని, "ఎక్స్‌పోర్ట్ యాజ్" ద్వారా జిఫ్‌గా మార్చాలి. అక్కడ "యాజ్ యానిమేషన్" గడిని గుర్తించకపోతే పొరలన్నీ కలిసిపోయి కదలని బొమ్మ ఒక్కటే మిగులుతుంది. చిత్రాల నేపథ్యం పారదర్శకమైతే ఫ్రేము మార్పిడికి "రీప్లేస్" పద్ధతి ఎంచుకోవాలి. లేకపోతే పాత ఫ్రేముల నీడలు వెనుక నిలిచిపోతాయి. దిద్దుబాట్ల కోసం పొరలతో కూడిన ఎక్స్‌సిఎఫ్ ఫైలును విడిగా దాచుకోవాలి.

ఫొటోషాప్‌లో

స్క్రిప్ట్స్ క్రింద గల "లోడ్ ఫైల్స్ ఇంటు స్టాక్"తో పొరలు చేసి, టైమ్‌లైన్ ప్యానెల్‌లో "మేక్ ఫ్రేమ్స్ ఫ్రమ్ లేయర్స్" ఎంచుకుంటారు. ఇక్కడ వ్యవధి సెకన్లలో ఉంటుంది కనుక 0.04 అని ఇవ్వాలి. తరువాత "సేవ్ ఫర్ వెబ్" ద్వారా జిఫ్ చేస్తారు. 2005 నాటి సిఎస్2 వరకు ఈ పనికి ఇమేజ్‌రెడీ అనే జంట సాఫ్ట్‌వేరు ఉండేది.

రంగులు, పరిమాణం

ఒక్కో ఫ్రేములో 256 రంగులకు మించి ఉండవు. మైబ్రిడ్జ్ చిత్రాల వంటి నలుపు-తెలుపు ఫొటోలకు ఇవి చాలును. సూర్యాస్తమయపు ఆకాశం వంటి రంగుల ఫొటోలలో మాత్రం చారలు పడతాయి. ఫైలు బరువు తగ్గించడానికి ముందు బొమ్మ వెడల్పును తగ్గించడం మంచిది. కొందరు ఫ్రేము విడిచి ఫ్రేము తీసివేస్తారు. అట్లు చేస్తే వ్యవధిని 4 నుండి 8 వంతులకు పెంచాలి. ఈ ఉదాహరణలో అయితే గుర్రం కాళ్ళు నేలను విడిచిన ఫ్రేమే పోయే ప్రమాదముంది.