సంగిడిరాళ్ళు, ఇనుపబరువులు

శ్రీకాకుళ విజయనగర సీమలలో సంక్రాంతి దినములందు ఊరివారెల్లరు చుట్టును మూగి కేకలువేయుచుండగా, పడుచువారు బరువైన సంగిడిరాతిని మరల మరల పైకెత్తి తమ బలాబలములను తేల్చుకొను ఆచారము చిరకాలముగా నున్నది. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై, పిదప సర్కసు నడిపి, రొమ్ముపై ఏనుగును నిలుపుకొని కలియుగభీముడని ఖ్యాతిగాంచిన కోడి రామమూర్తి నాయుడు ఈ నేలవాడగుట యాదృచ్ఛికమని నేను తలపను. అయినను ఆ రాళ్ళు, వ్యాయామశాలలైన తాలింఖానాలు పురుషుల సొత్తుగనే యుండెను.

ఆ మర్యాదను మార్చినది ఆముదాలవలస. అచ్చట నీలంశెట్టి అప్పన్న యను గురువు బాలికలచేతను బరువులెత్తించుచుండెను. 1975లో ఊసవానిపేటయందు జన్మించిన కరణం మల్లీశ్వరి బక్కపలుచని పిల్ల యని ఆయన మొదట సమ్మతింపకున్నను, తల్లి శ్యామల కూతునకు ధైర్యము చెప్పి ముందునకు నడపినది. అటుపిమ్మట ఆ పిల్లయే 54 కిలోల తరగతిలో 1994, 1995 సంవత్సరముల ప్రపంచ స్వర్ణములను గైకొనెను.

మహిళల బరువులెత్తు పోటీకి ఒలింపిక్సులో తొలిసారి చోటు దొరకినది 2000లో, సిడ్నీయందు. సెప్టెంబరు 19న 69 కిలోల తరగతిలో, అరచేతులకు సుద్దపొడి రాచుకొని వేదిక నెక్కిన మల్లీశ్వరి, బారును ఒక్క ఊపున తలపైకి చేర్చు స్నాచ్‌లో 110 కిలోలును, ముందు భుజములకు తెచ్చి, అటనుండి పైకి నెట్టు క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలును, వెరసి 240 కిలోలెత్తినది. స్వర్ణరజతములు పొందిన చైనా, హంగరీ వనితలు ఎత్తినవి చెరి 242.5 కిలోలు. కడపటి యవకాశమున ఆమె స్వర్ణమునే కోరి 137.5 కిలోలకు పూనుకొనగా అది నిలువక కాంస్యమే దక్కినది. తక్కువ బరువు నడిగియుండిన బాగుండెడిదని పలువురు నేటికిని వగతురు. నేను మాత్రమా సాహసమునకే యెక్కువ విలువ కట్టుదును. ఒలింపిక్ పతకమందిన తొలి భారతీయ వనిత ఆమెయే.

2004 ఏథెన్సు పోటీల పిదప ఆమె విరమించినది. పదేండ్లకు, 2014 గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో విజయనగరము చెంతనున్న కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 53 కిలోల తరగతిలో పతకము గెలిచినది. ఇన్ని జరిగినను పండుగనాటి సంగిడి పందెము మగవారిదిగనే సాగుచున్నది. ఊరిపెద్దలు రాబోవు సంక్రాంతికైనను బాలికల కొఱకు తేలికైన రాయినొకదానిని బరిలో నుంచవలెనని కోరుచున్నాను.