నాన్నకి తెలియని ఇంజన్

లాస్ ఏంజెలెస్‌లో కొత్త కార్ల షోరూమ్. తలుపు తోసుకుని ఒకాయన లోపలికొచ్చాడు. రేటు అడగలేదు. సీట్లో కూర్చుని చూడలేదు. బానెట్ ఎత్తమన్నాడు. ఆయన చేతిలో చెక్క గజంబద్ద ఉంది. కొత్త రబ్బరు వాసన, పాలిష్ వాసన కలిసి కొడుతున్న ఆ హాల్లో నడుం వంచి, ఇంజన్ పొడవు కొలిచి, వెడల్పు కొలిచి, కార్బురేటర్ పైదాకా ఎత్తు కొలిచి, అంకెలు గుర్తుపెట్టుకుని, బయటికొచ్చి, ఎండకి మెరుస్తున్న రోడ్డు మీద ఇంకో కంపెనీ షోరూమ్ వెతుక్కుంటూ వెళ్లి అక్కడా అదే పని చేశాడు.

ఆయన పేరు వాల్టర్ మెకెంజీ. బ్రిటన్ కార్ల కంపెనీ రూట్స్‌కి అమెరికా పశ్చిమ తీరంలో సర్వీస్ మేనేజర్. పంపింది అదే కంపెనీ సేల్స్ మేనేజర్ ఇయాన్ గారాడ్. వెతుకుతున్నది వి-8 ఇంజన్. అదీ పరాయి కంపెనీది. సముద్రానికి అవతల, ఇంగ్లండ్‌లో కూర్చున్న కంపెనీ అధిపతి లార్డ్ రూట్స్‌కి ఈ కొలతల సంగతి తెలియదు.

తెలిస్తే?

ఇంతకీ కారుకి వచ్చిన కష్టమేంటి? సన్‌బీమ్ ఆల్పైన్‌కి అందం తక్కువ కాదు. రెండు సీట్లు, వెనక కోసుగా లేచిన రెక్కలు. 1962లో వచ్చిన తొలి జేమ్స్ బాండ్ సినిమా ‘డాక్టర్ నో’లో హీరో తోలింది ఈ కారునే. కానీ బానెట్ కింద ఉన్నది 1592 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజన్. బలం 80 హార్స్‌పవర్. మనూరి సందుల్లో అయితే మహారాజే. కాలిఫోర్నియా హైవే మీద మాత్రం కొర్వెట్‌లూ జాగ్వార్‌లూ పక్కనించి దూసుకుపోతుంటే చూస్తూ ఉండాల్సిందే. కంపెనీ ముందు ఫెరారీ తలుపు తట్టింది. మా ఇంజన్‌కే మీరు కొంచెం పదును పెట్టండి, మీ పేరు కారు మీద వేసుకుంటాం అంది. మాటలు బాగానే నడిచాయి. చివర్లో తెగిపోయాయి. ఉన్న ఇంజన్ని బాగుచేసే దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది ఒక్కటే.

తీసేసి ఇంకోటి పెట్టడం.

ఆ మాట మొదట అన్నవాడు రేసర్. ఫార్ములా వన్ చాంపియన్ జాక్ బ్రాభమ్. ఆల్పైన్‌లో ఫోర్డ్ వి-8 పెట్టి చూడమని రూట్స్ రేసింగ్ వ్యవహారాలు చూసే నార్మన్ గారాడ్ చెవిన వేశాడు. నార్మన్ ఆ మాటని కొడుక్కి చేరవేశాడు. ఆ కొడుకే ఇయాన్. అక్కడ తండ్రి చెప్తే కొడుకు విన్నాడు. కాసేపట్లో ఇంకో తండ్రీకొడుకుల కథ రాబోతోంది. అది ఇంత సాఫీగా సాగలేదు.

మెకెంజీ తిరిగొచ్చాడు. గారాడ్ ఎదురుచూస్తున్నాడు. జవాబు ఒక్క అంకెలో వచ్చింది. 260. ఫోర్డ్ కంపెనీ 260 క్యూబిక్ అంగుళాల వి-8. అంటే దాదాపు 4.3 లీటర్లు. బలం 164 హార్స్‌పవర్, ఆల్పైన్‌కి రెట్టింపు. పోత ఇనుముదే అయినా గోడలు పలచగా పోశారు కాబట్టి బరువు 200 కిలోల దగ్గరే ఆగింది. పొడవు చూస్తే ఆల్పైన్ ఇంజన్ కన్నా మూడున్నర అంగుళాలే ఎక్కువ. ఇంకో సంగతి. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఈ ఇంజన్‌కి ముందు వైపు ఉంది. అంటే ఇంజన్ వెనక భాగాన్ని క్యాబిన్ రేకు గోడకి ఆనుకునేదాకా నెట్టొచ్చు. అప్పుడు ఆ సంగతికి ఎవరూ పెద్ద విలువ ఇచ్చి ఉండరు. కొలతల ప్రకారం పడుతుంది, అంతే చాలు.

కొలతల ప్రకారం సరే. కారులో పడుతుందా?

గారాడ్‌కి తెలిసిన మనిషి ఒకడున్నాడు. దూరం కూడా కాదు. కారల్ షెల్బీ. టెక్సాస్ మనిషి. ఒకప్పుడు కోళ్లు పెంచి చేతులు కాల్చుకున్నాడు. 1959లో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచాడు. గుండె మొరాయించడంతో స్టీరింగ్ వదిలేశాడు. 1962లో ఏసీ అనే చిన్న బ్రిటిష్ కంపెనీ కారులో ఫోర్డ్ వి-8 దించి కోబ్రా పుట్టించాడు. అదే మంత్రం ఆల్పైన్ మీద వేయమని గారాడ్ అడిగాడు. షెల్బీ లెక్క చెప్పాడు. 10,000 డాలర్లు, ఎనిమిది వారాలు.

గారాడ్ దగ్గర అంత డబ్బు లేదు. ఉన్నది రూట్స్ కుటుంబం దగ్గర. నేరుగా పెద్దాయన్ని అడిగితే పని అక్కడే ఆగిపోవచ్చు. అందుకని కొడుకుని పట్టుకున్నాడు. బ్రయన్ రూట్స్, కంపెనీ అమ్మకాలన్నీ ఆయన చేతి మీదే నడుస్తాయి. విన్నాడు. సరేనన్నాడు. డబ్బు ఎలాగో సర్దుతాను, బహుశా ప్రకటనల పద్దులోంచి లాగుతానన్నాడట. ఒకే ఒక్క షరతు పెట్టాడట. నేను చెప్పేదాకా నాన్న చెవిన పడకూడదు.

ఎనిమిది వారాలు. గారాడ్‌కి అంత ఓపిక లేదు. అసలు ఈ ముడి పడుతుందో లేదో ముందే తేలిపోవాలి. కెన్ మైల్స్ దగ్గరికెళ్లాడు. ‘ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ’ సినిమాలో క్రిస్టియన్ బేల్ వేసింది ఈయన పాత్రే. ఇంగ్లండ్‌లో పుట్టి కాలిఫోర్నియాలో రేసులు తోలుతూ, చేతులారా కార్లు కట్టే మనిషి. గారాడ్ ఆయన చేతిలో ఓ ఆల్పైన్, ఓ ఫోర్డ్ వి-8, రెండు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్, 800 డాలర్లు పెట్టాడు. నునుపు అక్కర్లేదు, సొగసు అక్కర్లేదు, నడిస్తే చాలు. దాదాపు వారం గడిచింది. షెడ్డు తలుపు తెరుచుకుంది.

ఇంజన్ లోపల ఉంది. కారు నడిచింది.

ఇక షెల్బీ వంతు. 1963 ఏప్రిల్‌లో పని మొదలైంది. గ్రీజు, వెల్డింగ్ పొగ, కాలిన పెయింటు వాసన. పడుతుందన్న ఇంజన్ పట్టనంటూ ఒక్కో మూల నించి మొరాయించడం మొదలెట్టింది. ముందు స్టీరింగ్. ఆల్పైన్ పాత స్టీరింగ్ బాక్సు సరిగ్గా వి-8 కూర్చోవాల్సిన చోటే ఉంది. పీకేసి ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ పెట్టారు. తర్వాత బరువు. ముందు చక్రాల మీద అంత ఇనుము మోపితే మలుపులో కారు మొండికేస్తుంది. ఇంజన్ని వెనక్కి, ఇంకా వెనక్కి, గోడకి వేలంత సందు కూడా మిగలనంత వెనక్కి జరిపి, కొత్త మౌంటింగులు వెల్డ్ చేసి, నాలుగు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్ బిగించి, అంత బలానికి పక్కకి జరిగిపోకుండా వెనక ఇరుసుకి అడ్డంగా ఓ కడ్డీ కట్టి, బానెట్ దించి చూశారు. మూసుకుంది. తూకం వేస్తే ముందు 51.7 శాతం, వెనక 48.3.

నెలాఖరుకి కారు రోడ్డెక్కింది. గారాడ్‌తో పాటు ఉత్తర అమెరికా వ్యవహారాలు చూసే జాన్ ప్యాంక్స్ కూడా తోలి చూశాడు. దిగాక కాగితం తీసుకున్నాడు. పొగడ్తలతో నిండిన నివేదిక బ్రయన్ రూట్స్‌కి వెళ్లింది. దాచిపెట్టే కాలం అయిపోయింది. ఇప్పుడు నాన్నకి చెప్పాలి.

లార్డ్ రూట్స్, అసలు పేరు విలియం. సైకిళ్లూ కార్లూ అమ్మే కుటుంబంలోంచి వచ్చి హిల్‌మన్, హంబర్, సింగర్, సన్‌బీమ్ అన్నిటినీ ఒక్క గొడుగు కిందికి తెచ్చిన మనిషి. ఆయన తలూపకుండా ఆ కంపెనీలో ఏ కారూ బయటికి రాదు. వార్త చెవిన పడింది. తన కంపెనీ, తన కారు, తన కొడుకు, తనకే తెలియకుండా! ముఖం మాడిందని ఆ రోజులు చూసినవాళ్లు చెప్తారు. కానీ కారుని పారేయమనలేదు. ఇంగ్లండ్‌కి పంపమన్నాడు. 1963 జులైలో ఓడ దిగింది. డ్రైవరు వద్దన్నాడు. తనే తోలతానన్నాడు.

తలుపు పడింది. తాళం తిరిగింది. 164 గుర్రాలు ఒక్కసారి సకిలించాయి. కారు కదిలింది. కంపెనీ మనుషులకి ఇక చేసేదేమీ లేదు.

తిరిగొచ్చిన మనిషి అలిగిన మనిషి కాదు. ఎవరినీ మధ్యవర్తిగా పెట్టలేదు. నేరుగా హెన్రీ ఫోర్డ్ 2తోనే మాట్లాడాడు. 3,000 ఇంజన్లు కావాలన్నాడు. అప్పటిదాకా ఏ కార్ల కంపెనీ నించీ ఫోర్డ్‌కి ఒక్క దెబ్బలో అంత పెద్ద ఆర్డరు రాలేదు. అంతటితో ఆగలేదు. మామూలుగా మూడు నాలుగేళ్లు పట్టే పనికి ఎనిమిది నెలల గడువు పెట్టాడు. ముహూర్తం 1964 న్యూయార్క్ మోటార్ షో. పేరు టైగర్. 1926లో హెన్రీ సీగ్రేవ్ నేల మీద వేగం రికార్డు కొట్టిన సన్‌బీమ్ పేరు అది.

తయారీ తనకే వస్తుందని షెల్బీ ఆశపడ్డాడు. ఫోర్డ్‌తో అంత దగ్గరగా మసిలే మనిషికి ఇవ్వడానికి రూట్స్ జంకింది. ఆయనకి కారుకింత అని రాయల్టీ దక్కింది. పని మాత్రం ఇంగ్లండ్‌లో వెస్ట్ బ్రామ్‌విచ్ పట్టణంలో ఉన్న జెన్సెన్ కంపెనీకి పోయింది.

అక్కడ, ఫ్యాక్టరీల పొగ ముసిరిన ఆ గడ్డ మీద, మెరిసే రంగుతో కొత్త బాడీలు దిగాయి. ఇంజన్ గొలుసుకి వేలాడుతోంది. అంతలో పనివాడు సమ్మెట ఎత్తాడు. రంగేసిన కొత్త కారు లోపలి గోడ మీద దబీమని వేశాడు. మళ్లీ వేశాడు. సొట్ట పడింది. ఆ సొట్టలోకే ఇంజన్ జారింది. పొరపాటు కాదు, రోజూ జరిగే పనే. ఆయిల్ ఫిల్టర్‌కి కూడా చోటు మార్చారు. కొన్ని స్పార్క్ ప్లగ్గులు విప్పాలంటే బానెట్ ఎత్తితే లాభం లేదు. కారులోపల కార్పెట్ లేపి, కింద ఉన్న చిన్న మూత తీసి, అందులోంచి చెయ్యి పెట్టాలి. ఇంత ఇరుకున బిగించిన బండి గంటకి 190 కిలోమీటర్ల దాకా లాగింది.

అమ్మకాలు మొదలయ్యాయి. అంతలో కింద నేల కదిలింది. డబ్బుకి కటకటలాడుతున్న రూట్స్ 1964లో అమెరికన్ క్రైస్లర్‌కి వాటా అమ్మింది. ఆ డిసెంబర్‌లోనే లార్డ్ రూట్స్ కన్నుమూశాడు. 1967కి కంపెనీ మొత్తం క్రైస్లర్ చేతిలోకి వెళ్లింది. కొత్త యజమాని బానెట్ ఎత్తి చూస్తే లోపల బద్ధశత్రువు ఫోర్డ్ ఇంజన్! ఇంజన్ మార్చి పుట్టించిన కారుకి మళ్లీ ఇంజన్ మార్చితే సరి. క్రైస్లర్ దగ్గరా చిన్న వి-8 ఉంది, 273 క్యూబిక్ అంగుళాలది. బలానికి ఢోకా లేదు. ఇంజనీర్లు కొలతలు తీశారు.

దాని డిస్ట్రిబ్యూటర్ వెనక ఉంది.

వెనక అంటే రేకు గోడ. సమ్మెటతో సొట్ట కొడితే గానీ ఫోర్డ్ ఇంజన్‌కే చోటు దొరకని గోడ. దాన్ని తెగ్గొట్టి కారునంతా మళ్లీ కట్టాలంటే అయ్యే ఖర్చు ఈ అమ్మకాలకి గిట్టదు. క్రైస్లర్ తన అయిదు మూలల నక్షత్రం గుర్తుని కారు మీద అంటించింది. ప్రకటనల్లో ఫోర్డ్ పేరు ఎత్తకుండా అమెరికన్ వి-8 అని మాత్రం చెప్పుకుంది. నిల్వ ఉన్న ఫోర్డ్ ఇంజన్లు అయ్యేదాకా కార్లు కట్టించింది. ఆ ఆఖరి రోజుల్లోనే 289 క్యూబిక్ అంగుళాల పెద్ద ఇంజన్‌తో కొన్ని వందల టైగర్లు వచ్చాయి. 1967 జూన్‌లో జెన్సెన్‌లో చివరి కారు తయారైంది. మొత్తం 7,000 పైచిలుకు.

80 నించి 164కి ఎక్కించిన వాళ్ల ముందు గుర్రాల లెక్క ఎప్పుడూ అడ్డు రాలేదు. కొత్త యజమాని దగ్గర కావలసినంత డబ్బుంది, కావలసినంత బలమున్న ఇంజనుంది. లేనిది ఆ గోడకీ ఇంజనుకీ మధ్య కాస్త జాగా.