పాట వినిపించేంత దూరంలో లంగరు

లంగరు గొలుసు గడగడమని దిగుతుంది. అడుగున పట్టు దొరికి, పడవ మెల్లగా తిరిగి గాలికి ఎదురుగా నిలబడుతుంది. ఏడు రోజుల తర్వాత మొదటిసారి గిన్నెలోని టీ తొణకకుండా ఉంది.

కానరీ దీవుల నుంచి ఇక్కడికి దాదాపు 850 నాటికల్ మైళ్లు. దారి పొడుగునా ఈశాన్యపు గాలి వెన్ను తట్టి పంపింది. చివర్లో సాంటో ఆంటావ్, సావ్ విసెంట్ దీవుల మధ్య సందులోకి వచ్చేసరికి ఒక్కసారిగా విరుచుకుపడింది. రెండు దీవుల కొండల మధ్య గాలి ఇరుక్కుని పరుగెత్తుతుంది అక్కడ. తెరచాపను సగానికి పైగా చుట్టేశాం. ఇప్పుడు కేప్ వెర్ద్‌లోని మిండేలో పట్నం, పోర్టో గ్రాండే అఖాతం. పడమటి గట్టున మోంటె కారా కొండ. ఆకాశంకేసి చూస్తూ వెల్లకిలా పడుకున్న మనిషి నుదురు, ముక్కు, గడ్డం అచ్చంగా కనిపిస్తాయి. సూర్యుడు ఆ ముక్కు వెనక్కి జారుతున్నాడు.

గాలి ఊరి మీదుగా మన వైపు వీస్తోంది. అందులో ఎండు చేపల వాసన, డీజిల్ వాసన, వాటి మధ్యలో ఎక్కడో తీగ మీటిన చప్పుడు. అంతే, ఇక పడవలో ఎవరం ఉండలేం. చిన్న పడవ డింగీని దించుకుని గట్టుకు చేరతాం.

కాళ్ల కింద నేల ఊగుతోంది. వారం రోజుల సముద్రం ఒంట్లోంచి అంత తొందరగా పోదు. లిస్బన్ వీధిలో గోడ పట్టుకుని నడుస్తాం. లేత పసుపు, గులాబీ రంగుల పాత పోర్చుగీసు ఇళ్లు. ఒక సందు మలుపులో తలుపు తెరిచి ఉంది. లోపల ఏడెనిమిది బల్లలు, మూలన నలుగురు మనుషులు. వేదిక అంటూ ఏమీ లేదు. వాయించేవాళ్ల మోకాళ్లు మన బల్లకు తగులుతున్నాయి.

రెండు గిటార్లు, ఒక వయొలిన్, ఒక కవకిన్యో. ఈ కవకిన్యో నాలుగు తీగల బుల్లి గిటార్; పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించి వాయిస్తున్నాడాయన. పెద్ద గిటార్ మంద్ర తీగల మీద మెట్లు దిగుతుంటే, కవకిన్యో పైన చిన్న చిన్న అడుగులు వేస్తోంది. నిదానమైన తూగు. దీన్ని చెవులకంటే ముందు నడుము గుర్తుపడుతుంది. వారం రోజులుగా మన పడవ ఊగింది సరిగ్గా ఇలాగే. ఇది మోర్నా, ఈ దీవుల పాట.

ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్తూ గిటార్ మధ్యలో సగం మెట్టు మీద నిలుస్తుంది. ఆ నిలవడంలోనే గుండె జారుతుంది. బ్రెజిల్ సంగీతం నుంచి ఆ అర్ధస్వరాల సొగసు పట్టుకుని మోర్నాలో కలిపినవాడు ఈ ఊరివాడే, బి. లేజా. 1958లో పోయాడు. ఆవిరి ఓడలకు బొగ్గు పోసిన రేవు ఇది. ఏ ఓడ ఏ బాణీ దించి పోయిందో, ఈ ఊరు దాచుకుంది.

వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ ఒకావిడ వస్తుంది. కచూపా వడ్డించింది ఆవిడే, మొక్కజొన్నలు, చిక్కుడు గింజలు కలిపి ఉడికించిన పులుసు. కుర్చీలో కూర్చునే, కళ్లు మూసుకునే పాట అందుకుంటుంది. గొంతులో దాపరికం లేదు, బడాయి లేదు. క్రియోలు భాష మనకు రాదు. ఒక్క మాట మాత్రం మళ్లీ మళ్లీ వస్తోంది: సొదాద్. మన 'బెంగ' దానికి బాగా దగ్గర. కరువులకు తాళలేక ఓడలెక్కిన దేశం ఇది. సావ్ తోమె దీవి కోకో తోటలకు కొందరు, అమెరికా తీరానికి మరికొందరు. కోరంగి, విశాఖ రేవుల్లో ఓడెక్కిన వాళ్ల ఇళ్లలో 'రంగం (రంగూన్) వెళ్లాడు' అన్న మాటకు ఎంత బరువుండేదో, సొదాద్‌కూ అంతే బరువు.

మోర్నా గాయని సెజారియా ఎవోరా ఇలాంటి గదుల్లోనే పాడింది, నావికులకు, నాలుగు డబ్బులకు. మధ్యలో పదేళ్లు పాటే మానేసింది. యాభై దగ్గర పడ్డాక, 1988లో, పారిస్‌లో వచ్చిన రికార్డుతో ప్రపంచం ఆవిడను వినడం మొదలుపెట్టింది. 2019లో యునెస్కో మోర్నాను మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఆ గుర్తింపు చూడటానికి ఆవిడ లేదు, 2011లోనే కన్నుమూసింది. బిల్లు కట్టడానికి తీసిన 2000 ఎస్కూడోల నోటు మీద ఆవిడే ఉంది. పాటగత్తె ముఖాన్ని నోటు మీద అచ్చేసుకున్న దేశమంటే నాకు చెప్పలేనంత గౌరవం. ఆ నోటు ఇవ్వబుద్ధి కాదు. చిల్లర నోట్లు ఏరి ఇస్తాం.

తర్వాత కొలాదేరా మొదలవుతుంది, అదే తీగలు, రెట్టింపు పరుగు. బల్లలు పక్కకు జరుగుతాయి. వయొలిన్ ఆయనకు డెబ్బై ఉంటాయి, కూర్చున్నచోటే మడమలు ఆడిస్తున్నాడు. ఎవరో మన చేతిలో గ్రోగ్ గ్లాసు పెడతారు. సాంటో ఆంటావ్ చెరకు సారా, గొంతు దిగేదాకా నిప్పు. పక్క బల్ల అమ్మాయి చెయ్యి పట్టి లేపుతుంది. ఊగే నేల ఇప్పుడు పనికొస్తుంది.

అర్ధరాత్రి దాటాక గట్టుకు వస్తాం. మరో నాలుగు రోజుల్లో బార్బడోస్ వైపు ప్రయాణం, 2000 మైళ్లకు పైగా ఒక్క దీవి కూడా తగలని నీళ్లు. ఇంజన్ తాడు లాగబోయి ఆగిపోతాం. లోపల ఆ కచూపా వడ్డించినావిడ మళ్లీ పాడుతోంది. తెడ్లు కూడా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాం. గాలి ఊరి నుంచే వీస్తోంది కదా, డింగీని, పాటను కలిపి పడవ దాకా తోసుకుపోతోంది.