పెళ్ళికొడుకు కాలి జోడు

తెలుగు పెళ్ళిలో తాళి కట్టే వేళకు వరుడి కాళ్ళకు చెప్పులు ఉండవు. పీటల మీద కూర్చున్న అల్లుడి పాదాలను మామగారు పళ్ళెంలో పెట్టి కడుగుతారు. అయినా అదే పెళ్ళిలో పాదరక్షలకంటూ ఒక ఘట్టం ఉంది. స్నాతకం అయ్యాక వరుడు గొడుగు, చేతికర్ర పట్టుకుని, పావుకోళ్ళు తొడుక్కుని కాశీకి బయలుదేరతాడు. బావమరిది ఎదురొచ్చి, బెల్లం ముక్క పెట్టి బతిమాలి వెనక్కి తెస్తాడు.

పావుకోడుకు పట్టీ ఉండదు. బొటనవేలికీ పక్కవేలికీ నడుమ చిన్న గుబ్బ, అంతే. దాన్ని వేళ్ళతో బిగించి పట్టుకుంటేనే అడుగు పడుతుంది. తోలు మైల అన్న నమ్మకం వల్ల వైదిక కర్మల్లో చెక్కకే చోటు దక్కింది.

సేద్యం చేసుకునే ఇళ్ళలో తోలుచెప్పులదే గొప్ప. ఊళ్ళోని మాదిగ కుటుంబం పచ్చితోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, లంద అనే తొట్టిలో తంగేడు చెక్క రసంతో ఊరబెట్టి, ఆరెతో పొడిచి కుట్టేది. కొత్త జోడు కిర్రుమనేది, ఆముదం పట్టిస్తే మెత్తబడి కాలికి ఒదిగేది. కిర్రుచెప్పులంటే ఆనాడు హోదా. వాటిని కుట్టిన మనిషి మాత్రం చాలా ఊళ్ళలో పెద్దకులాల వీధి దాటేటప్పుడు తన చెప్పులు చేత పట్టుకోవాల్సి వచ్చేది. పెళ్ళికొడుకైనా మినహాయింపు లేదు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. దారుల వాడకాన్ని, ఆచారాలను అస్పృశ్యత పేరుతో అడ్డుకోవడం నేరమని 1955లో చట్టం వచ్చింది. అది చాలక 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం తేవాల్సి వచ్చింది.

బాటా కంపెనీ 1931లో మన దేశంలో అడుగుపెట్టింది. ఫ్యాక్టరీ బూటు క్రమంగా పెళ్ళిళ్ళలోకీ వచ్చింది. విశాఖ దగ్గరి మా పరవాడ చుట్టుపక్కల మాత్రం అసలు మార్పు పరిశ్రమలతోనే. పక్కనున్న ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. 2002లో సింహాద్రి విద్యుత్ కేంద్రం, ఆ తర్వాత ఫార్మా సిటీ వచ్చాయి. డ్యూటీలో సేఫ్టీ బూట్లతో గడిపే కుర్రాళ్ళకు రిసెప్షన్‌లో సూటు కింద నల్లబూట్లు కొత్తేమీ కాదు. షేర్వాణీతోపాటు ఉత్తరాది మోజడీలు వచ్చాయి. ఆడపెళ్ళివారు వరుడి బూట్లు దాచే ఆటను 1994 నాటి ‘హమ్ ఆప్కే హై కౌన్’ ఊరూరా పరిచయం చేసింది. మన పెళ్ళిలో మాత్రం కాశీయాత్రకు జోడు ఇచ్చేది ఆడపెళ్ళివారే. ఆ ముచ్చటే మనకు అందమని నా అభిప్రాయం.

ఇప్పుడు కొనేవారికి ఒక మాట. పెళ్ళిలో చెప్పులు అస్తమానం విప్పి తొడగాలి కనుక లేసుల బూట్లు రిసెప్షన్‌కే ఉంచండి. వైశాఖ ముహూర్తమైతే మన తీరం ఉక్కపోతకు రెక్సిన్ కన్నా తోలే మేలు. సాయంత్రం పూట, కాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొలత చూసుకోండి. మీ ఊళ్ళో చెప్పులు కుట్టే చెయ్యి ఇంకా ఉంటే షోరూమ్‌కి వెళ్ళేముందు అక్కడ కొలత ఇవ్వండి, అడిగిన ధర ఇవ్వండి.