చెరువుకి పన్నెండు షరతులు, మా చిన్నాయన కొలనుకి ఎన్ని?

మొన్న ధర్మవరం వెళ్తే మా చిన్నాయన కొత్త ఇంటి ప్లాను నా ముందు పరిచాడు. వెనకాల ఖాళీ స్థలంలో నీలం రంగు పెట్టె ఒకటి. స్విమ్మింగ్ పూలంట! "అబ్బీ, కంప్యూటర్ చదివినోనివి కదా, దీనికి ఆన్‌లైన్‌లో పర్మిషన్ పెట్టు" అన్నాడు. (ఇంజనీరింగ్ చదివితే ఏ పనైనా వస్తుందని మావాళ్ళ గట్టి నమ్మకం.) 8 మీటర్ల పొడవు, 4 వెడల్పు, సగటున ఒకటిన్నర లోతు. అంటే 48 వేల లీటర్లు. నీళ్ళెక్కడివి అంటే "బోరుంది కదా" అన్నాడు.

అదంతా ప్లాను గీసిన ఇంజనీరే చూసుకుంటాడని తప్పించుకున్నాను గానీ, ఆ నీళ్ళ ప్రశ్న మాత్రం బుర్రలో ఉండిపోయింది. మన సీమలో నీటికోసం గుంత తవ్వేముందు ఏం చూసేవాళ్ళు?

దీనికి జవాబు రాయి మీదే ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువుని బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. 1369 నాటి సంస్కృత శాసనం. వెయ్యిమంది కూలీలు, వంద బళ్ళు, రెండేళ్ళ పని. అసలు విషయం అది కాదు. మంచి చెరువుకి ఉండాల్సిన అంగాలు పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని వరసగా చెప్పారందులో. జలశాస్త్రం తెలిసినవాడు ఉండాలి, నేల గట్టిగా ఉండాలి, తియ్యటి నీళ్ళ నది ఉండాలి. కట్ట ఊరకూడదు, చవిటి నేల పనికిరాదు, రెండు రాజ్యాల సరిహద్దులో కట్టకూడదు (ఇప్పటి సెట్‌బ్యాక్ గొడవకి తాత అన్నమాట). నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువైనా దోషమే. మనం ఈరోజు చెక్‌లిస్ట్ అనేది ఇదే కదా!

తవ్వాక కూడా వదిలేవాళ్ళు కాదు. సొంత డబ్బుతో చెరువో బావో తవ్వించినవాడికి దశబంధం ఇనాం కింద భూమి ఇచ్చేవారు. బదులుగా మరమ్మతులు అతనూ అతని వారసులూ చూసుకోవాలి. ఇంగ్లీషువాళ్ళొచ్చాక కూడా చాలాచోట్ల ఆ షరతుతోనే ఇవి సాగాయి. మా ధర్మవరం పేరే చెరువుతో ముడిపడింది. క్రియాశక్తి ఒడయరు చెరువు కట్టించి, ఊరికి వాళ్ళమ్మ ధర్మాంబ పేరు పెట్టాడని చెప్పుకుంటారు.

2002 వాల్టా చట్టంతో ఆ పాత ప్రశ్న కొంత తిరిగొచ్చింది. ఊరి తాగునీటి వనరుకి 250 మీటర్ల లోపు కొత్త బోరు వెయ్యాలంటే అనుమతి కావాలి, ఉన్న బావులు నమోదు చేయించాలి, ఇళ్ళలో వాననీటిని పట్టాలి. కానీ చిన్నాయన చూపించిన ప్లానులో కొలతలున్నాయి, నీళ్ళు లేవు.

అందుకని నేనే లెక్కేశాను. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొలనులో నేరుగా పడేది 17,600 లీటర్లు. రోజుకి 5 మిల్లీమీటర్లు ఆవిరైనా ఏడాదికి 58 వేలు పోతాయి, అంటే కొలను మొత్తం కంటే ఎక్కువ. 150 చదరపు మీటర్ల మిద్దె మీద పడే వాన చుక్క పోకుండా పడితే 82 వేల లీటర్లు వస్తుంది.

ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అంటే మనది నీళ్ళు తక్కువ దోషమా?" అన్నాడు. నిన్న ప్లాను ఫోటో పంపాడు. నీలం పెట్టె అలాగే ఉంది. మిద్దె మీదనుంచి దాని పక్కన గీసిన సంపులోకి పెన్సిల్‌తో ఒక గొట్టం వచ్చింది.