అధ్యక్షుడు లేని సమావేశం



హోసూరు వైపు బడిలో నేను చరిత్ర రెండు భాషల్లో చెబుతుంటాను. ‘ఆలోచన’ అంటే మన పిల్లలకు మనసులో చేసుకునేది. తమిళ పిల్లలకు ‘ఆలోసనై’ అంటే ఎదుటివారు చెప్పే సలహా. ఈ పూట సంగతికి రెండు అర్థాలూ కావాలి.

అమెరికాలో జాతీయ భద్రతా మండలి అని ఒకటుంది. దేశ రక్షణ విషయంలో అధ్యక్షుడికి సలహా చెప్పడం దాని పని. నిర్ణయం మాత్రం అధ్యక్షుడిదే. 1941 డిసెంబరు 7న జపాను విమానాలు పెర్ల్ హార్బర్ మీద పడ్డప్పుడు, సైన్యం దగ్గర కొంత సమాచారం, నౌకాదళం దగ్గర కొంత ఉన్నా అన్నీ ఒకచోట చేర్చి చూసే ఏర్పాటు సరిగా లేకపోయింది. యుద్ధం ముగిశాక, 1947 జులై 26న ట్రూమన్ సంతకం చేసిన చట్టంతో మండలి పుట్టింది. తమాషా ఏమంటే, 1950లో కొరియా యుద్ధం వచ్చేదాకా ట్రూమన్ ఆ సమావేశాలకు వెళ్లింది తక్కువే. పదిమంది కూర్చుని తీర్మానిస్తే తన అధికారం పలచబడుతుందని ఆయన అనుమానం.

అసలు పరీక్ష కెనెడీ కాలంలో వచ్చింది. 1961లో క్యూబా మీదికి పంపిన దండు పిగ్స్ అఖాతం దగ్గర చిత్తుగా ఓడింది. సందేహం ఉన్న సలహాదారులు కూడా అధ్యక్షుడి ఎదుట గట్టిగా నోరు విప్పలేదు. హెడ్మాస్టరుగారు కూర్చుని ఉంటే మా ఉపాధ్యాయుల సమావేశం ఎలా నడుస్తుందో ఎరిగినవాణ్ని, నాకిది వింతగా తోచదు.

మరుసటి ఏడు అక్టోబరు 16న, క్యూబాలో సోవియట్ క్షిపణులు వెలుస్తున్నాయని కెనెడీకి తెలిసింది. మండలి సభ్యులు కొందరిని, బయటివారు మరికొందరిని కూర్చోబెట్టారు. ఈసారి కొన్ని సమావేశాలకు ఆయన కావాలనే వెళ్లలేదు. తాను లేకపోతే మనసులో మాట బయటికి వస్తుందని. మొదట బాంబులే వేయాలన్నవారిలో కొందరు, వాదించుకుంటూ వాదించుకుంటూ సముద్రం మీద దిగ్బంధానికి వచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, అక్టోబరు 20న, చైనా సేనలు మన సరిహద్దు మీద పడ్డాయి. మనకు అప్పట్లో ఇలాంటి మండలి లేదు. 1998లో ఏర్పడింది, అదీ ప్రధానమంత్రి అధ్యక్షతన.

అక్టోబరు 27న క్యూబా మీద అమెరికా గూఢచారి విమానం కూలి, నడిపిన మేజర్ ఆండర్సన్ మరణించాడు. దాడి చేసి, దీవిలో దిగుదామని సేనాధిపతులు పట్టుబట్టారు. కెనెడీ ఆగారు. ఆ రాత్రే తమ్ముడు రాబర్ట్‌ను సోవియట్ రాయబారి దొబ్రీనిన్ వద్దకు పంపారు. టర్కీలో ఉన్న మా క్షిపణులు తీసేస్తాం, కానీ ఈ మాట బయటికి పొక్కకూడదు అన్నది కబురు. మర్నాడు క్రుశ్చేవ్ వెనక్కి తగ్గారు.

ఆ కబురు సంగతి తెలిసింది కొద్దిమందికే. చట్ట ప్రకారం మండలి సభ్యుడైన ఉపాధ్యక్షుడు జాన్సన్‌కే చెప్పలేదు! ఇక ఆ గదిలో ఎవరికీ తెలియనిది ఇంకొకటుంది. యుద్ధరంగంలో వాడే చిన్న అణ్వస్త్రాలు అప్పటికే క్యూబా చేరి ఉన్నాయి. నాటి రక్షణ మంత్రి మెక్‌నమారా ఆ మాట విన్నది ముప్పై ఏళ్లకు, 1992లో, హవానాలో.