పూలమ్మిన చోటే

మా మరిది కూతురు బీకామ్ అయిపోయినాక పూల హోల్‌సేల్ చేస్తానంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పూలంగళ్ళకు తెల్లవారుజామునే సరుకు వేసే పని. "పూలమ్ముకునేదానికా ఇంత చదివిచ్చింది?" అని మా అత్త రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

నాకేమో మన సామెతే గుర్తొచ్చింది. చితికిపోయినవాళ్ళను పూలమ్మిన చోట కట్టెలమ్ముతున్నారంటాం కదా. అంటే పూలమ్మిన కాలమే మంచి కాలమనే గదా అర్థం!

ఆ ఆదివారం అందరం గండికోట పోయినాం. మాధవరాయస్వామి గుడి మండపంలో కూర్చుని దానికి నా బీఏ తెలుగంతా ఒలకబోసినాను. ఈ కోట విజయనగర రాజుల కింద పెమ్మసానివాళ్ళు ఏలింది. ఆ విజయనగరానికి 1443లో పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ వచ్చినాడు. ఎక్కడ చూసినా గులాబీలు అమ్ముతున్నారనీ, అక్కడివాళ్ళకు అన్నం ఎంతో గులాబీలూ అంతేననీ రాసుకున్నాడు. ప్రబంధాల పురవర్ణనల్లో పూలమ్మే పుష్పలావికలు ఉండనే ఉంటారు. తిరుమల శాసనాల్లో దేవుడి మాలల కోసం ఇచ్చిన పూలతోటల మాట ఉంది.

కానీ అన్ని గులాబీలూ బజారు మధ్యలో పూయవు. ఎవరో తోటల్లో కోయించి, గంపలకెత్తించి, ఎండ ముదరకముందే చేర్చి ఉండాలి. వాళ్ళ పేర్లు మనకు మిగల్లేదు.

పేరు మిగిలింది టావెర్నియర్ లాంటివాళ్ళకు. 1652లో ఆ ఫ్రెంచి వర్తకుడు ముత్యాలు చూపించడానికి ఈ కోటకే వచ్చినాడు, మీర్ జుమ్లా దగ్గరికి. "ఆయనకేం పెద్దమ్మా, ఇక్కడ అమ్ముడుపోకుంటే గోల్కొండకు ఎత్తకపోతాడు. నా మల్లెలు సాయంత్రానికే పోతాయి" అంది పిల్ల. చరిత్ర నేను చెప్పినా వ్యాపారం దానికే అర్థమైంది.

శ్రావణంలో మొదలుపెట్టింది. మనం అంగట్లో మూరతో కొనేవి అక్కడ కేజీల్లో తూస్తారు. వరలక్ష్మీ వ్రతం ముందురోజు ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆషాఢంలో, మూఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి అడిగేవాళ్ళుండరు. అంగడివాళ్ళకు ధర కంటే వేళ ముఖ్యం. తలుపు తీసేసరికి సరుకు లేకుంటే మరుసటి రోజు ఇంకొకరి దగ్గర తీసుకుంటారు. మొదటివారం తడి ఆరని చామంతులు మూటకట్టి ఒక బస్తా కుళ్ళబెట్టుకుంది. ఆ రాత్రి ఏడ్చింది కూడా. మూడింటికి మళ్ళీ లేచింది.

నష్టం కంటే అరువు కష్టం. అందరూ "రేపు ఇస్తాంలే పాపా" అనేవాళ్ళే. ఒకాయన నెల నుంచీ అదే మాట.

నిన్న మా అత్త కాఫీ తాగుతూ, "ఆ ఫోన్ నంబరు ఇట్లా ఇయ్యి మే, నేనడుగుతా" అంది.